గోడలు చూసి రాసిన జబ్బు

ఎర్మెలిందా తినడం చూసినవాళ్ళు ఒక్క ముద్దకే జబ్బు పేరు చెప్పేసేవారు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, బీన్సు గింజల్ని అన్నంలో వేళ్ళతో మెత్తగా మెదిపి, ఉసిరికాయంత ముద్ద నోట్లో పెట్టుకునేది. నమిలి నమిలి, గుక్కెడు నీళ్ళు పోసుకుని, మెడ ముందుకు వంచి కళ్ళు మూసుకునేది. ముద్ద రొమ్ము ఎముక వెనకాల ఎక్కడో నిలబడేది. దిగితే కళ్ళు తెరిచేది. దిగకపోతే పళ్ళెం పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా దొడ్డివైపు వెళ్ళేది. వెనకనుంచి ఎవరో ఒకరు అననే అనేవారు: "వాళ్ళ నాన్నదే. అచ్చు అదే."

బార్రెరిన్య అనే ఆ కొండ పల్లెలో ఆ జబ్బు తెలియని ఇల్లు లేదు. కర్రలు పాతి మట్టి మెత్తిన గోడలు ఎండకి బీటలు వారతాయి. ఆ బీటల్లో గోడపురుగులు కాపురం పెడతాయి. నిద్రపోతున్నవాళ్ళ మొహాల మీదకి దిగి, నెత్తురు తాగి, మళ్ళీ గోడలోకి పోతాయి. ఇరవై ఏళ్ళకో ముప్ఫై ఏళ్ళకో కొందరికి గుండె ఉబ్బుతుంది. కొందరికి అన్నం దిగే దారి చచ్చుబడుతుంది. దాన్ని అక్కడ అడ్డుజబ్బు అంటారు. ఎర్మెలిందా తండ్రికి వచ్చింది అదే. ఆయన ప్రతి ముద్దకీ లోటాడు నీళ్ళు తాగి, రెండు చేతులూ ఆకాశానికెత్తి, గడప మీదనుంచి మడమల మీద దభీమని దూకేవాడు. "నేనెక్కడ దూకుతున్నానర్రా, ముద్దే నన్ను దూకిస్తోంది," అని తనే నవ్వేవాడు. నలభై మూడో ఏట, చెరుకురసం కూడా దిగక, ఎండిన మొక్కజొన్న కంకిలా అయి చనిపోయాడు. అప్పుడు ఎర్మెలిందాకి పదిహేనేళ్ళు.

అందుకే, పంతొమ్మిది వందల డెబ్భై ఆరులో ఆమెకి మొదటిసారి ముద్ద అడ్డుపడినప్పుడు, వేరే మాట ఎవరి నోటా రాలేదు.

అప్పటికి ఆమెకి ఇరవై ఒకటి. ఒరోజింబును కట్టుకుని రెండేళ్ళయింది. ఏడో నెల కడుపు. ఊరి పిండిశాలలో ఆడవాళ్ళంతా చుట్టూ కూచుని కర్రపెండలం దుంపలు చెక్కుతున్నారు. పెనం మీదనుంచి వేడివేడిగా తీసిన పెండలం రొట్టె ముక్క చేతికిస్తే కొరికింది. అంతే, కళ్ళు తేలేసింది. పక్కనున్న ఉంబెలినా, వరసకి వదిన, వీపు మీద గుద్దింది.

"నెమ్మదే పిల్లా! రొట్టెకి కాళ్ళు లేవు, పారిపోదు."

"కడుపులో మగపిల్లాడు గామోసు. అమ్మ నోటికాడిదే లాక్కుంటున్నాడు," అంది ఇంకొకామె.

"మగాడు పుట్టకముందే మొదలెట్టాడన్నమాట!"

అందరూ ఘొల్లున నవ్వారు. ఎర్మెలిందా కూడా నవ్వింది. రెండో ముక్కకీ అదే అయింది. ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. మూడో ముక్కకి పిండిశాలలో చెక్కుతున్న కత్తుల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. మంత్రసాని ముసలి ఫిర్మీనా కత్తి కింద పెట్టి, లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"చేతులు పైకెత్తు."

ఎత్తింది. మింగుడు పడింది. తనంతట తానే దిగిందో చేతులెత్తడంవల్ల దిగిందో ఎవరికెరుక.

"మీ నాన్నకీ ఇంతే," అని ఫిర్మీనా మళ్ళీ దుంప చేతిలోకి తీసుకుంది. ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పేసినట్టే.

మూడు వారాలకి గవర్నమెంటు పురుగులమందు వాళ్ళు వచ్చారు. ఖాకీ బట్టలు, వీపున పంపు, ముక్కుకి గుడ్డ. ఎర్మెలిందా మంచం వెనకాల గోడని పుల్లతో కెలికి పదకొండు పురుగుల్ని అగ్గిపెట్టెలోకి ఏరాడు ఒకతను. కాగితం తీసి అడిగాడు:

"ఇంట్లో ఎవరికన్నా ముద్ద అడ్డుపడుతుందా?"

"నాన్నకి పడేది. పోయాడు. ఇప్పుడు నాకు."

అతను రాసుకున్నాడు.

"నెత్తురు చూడరా అయ్యా?"

"దానికి తాలూకా ఊరికి రావాలి. ఈ నెల లారీ లేదు. అయినా ఇన్ని పురుగులుంటే ఇంక చూసేదేముందమ్మా?"

ఆమె గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "పుట్టబోయేదానికి నా పాలు ఇవ్వొచ్చా?"

అతను పంపు పట్టీ సర్దుకున్నాడు. చెడ్డవాడు కాదు. "నేను మందు కొట్టేవాణ్ణి, డాక్టర్ని కాదు. కానీ మా ఆవిడైతే నేను ఇవ్వనివ్వను."

ఒక స్త్రీ బతుకు మీద అంతకంటే పెద్ద తీర్పు ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఏ కోర్టూ ఇవ్వలేదు. ఎవరూ ఆమెని చూడలేదు. ఆమె గోడల్ని చూశారు. సూదిమొనంత నెత్తురు తీస్తే తేలిపోయే విషయం. ఆ పరీక్ష అప్పటికే ఉంది. ఆ జిల్లాలోనే ఉంది. పశువుల ఆసామి భార్యకి గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే సాయంత్రానికల్లా కారు రాజధాని చేరింది. మట్టిగోడల మనిషికి మాత్రం గోడే సాక్ష్యం, గోడే రుజువు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. లెనీరా అని పేరు పెట్టారు. ఎర్మెలిందా ఒక్కసారైనా రొమ్ముకి తీసుకోలేదు. ఉంబెలినాకి చంకలో నాలుగు నెలల కొడుకు. మొగుడు ఆసామి దగ్గర మేస్త్రీ. ఇల్లు ఇటుకలది, సున్నం కొట్టిన గోడలు, పెంకులు. పురుగుకి చోటు లేదు.

"వదినా, పాలు మానేదాకా ఉంచుకో," అంది ఎర్మెలిందా.

"ఉంచుకుంటా. తర్వాతో?"

"తర్వాత చూద్దాం."

తర్వాత ఒరోజింబు చెరుకు కొట్టడానికి సావో పౌలో లారీ ఎక్కాడు. మొదటి ఏడు ఉత్తరం వచ్చింది. రెండో ఏడు కబురు వచ్చింది. మూడో ఏడునుంచి అదీ లేదు. ఎర్మెలిందా తన ఆయుష్షుకి లెక్క వేసుకుంది. నాన్న నలభై మూడుకి పోయాడు. తనకి మొదలవడమే ఇరవై ఒకటికి. ముప్ఫై దాటితే గొప్ప. పోయే మనిషికి అలవాటు పడటమెందుకు బిడ్డ? ఉంబెలినానే "అమ్మా" అననీ. దూరంనుంచి చూస్తే చాలు.

చూడ్డానికైనా ఒక వరస కావాలి కదా. కన్నతల్లి జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడటానికి చర్చి ఒప్పదు. కానీ ఆ కొండల్లో చర్చికి తెలియని వరస ఇంకోటుంది. జూన్ నెలలో యోహాను పండగ సాయంత్రం ప్రతి వాకిట్లో మంట వేస్తారు. ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని నిప్పుల మీదుగా మూడుసార్లు అటూ ఇటూ దాటి, "యోహాను చెప్పాడు, పేతురు సరేనన్నాడు" అంటే చాలు. చచ్చేదాకా చెల్లుతుంది. లెనీరాకి ఆరేళ్ళప్పుడు ఉంబెలినా వాకిట్లో ఎర్మెలిందా కూతురి చెయ్యి పట్టుకుని నిప్పులు దాటింది. ఆ సాయంత్రంనుంచి కన్నకూతురికి నిప్పుతల్లి అయింది. అక్కడ ఆ వరసని "మద్రీన్యా" అని పిలుస్తారు.

"మద్రీన్యా, నీ చెయ్యి చెమట పట్టింది," అంది పిల్ల.

"మంట వేడికి."

తొమ్మిదో ఏట లెనీరా బడినుంచి ఏడుస్తూ సరాసరి ఎర్మెలిందా ఇంటికి వచ్చింది. పిల్లలు తనని అడ్డుజబ్బుదాని కూతురన్నారు. నిజమేనా? ఎర్మెలిందా అబద్ధం చెప్పలేదు. "నా నెత్తురులో పురుగు పోసిన విషం ఉంది. పాలలో నీకు రాకూడదని ఇచ్చేశాను. నువ్వు అక్కర్లేక కాదు." పిల్ల ముక్కు తుడుచుకుని, "నీకు ఏడుపు రాలేదా?" అంది. "వచ్చింది." "ఎన్నాళ్ళు?" "ఇంకా లెక్క తేలలేదు."

అక్కణ్ణుంచి లెనీరాకి ఆమె మీద ఒక గౌరవం నిలబడింది. ఈస్టరుకి వచ్చేది. పిండి బిస్కెట్లు పాలలో నానబెట్టి, మెత్తగా అయ్యాక గిన్నె చేతికిచ్చేది. ఎవరన్నా నోరు జారితే, "మా మద్రీన్యా నాకోసం తన కడుపు తనే కోసుకుంది. మీ అమ్మలు చేస్తారా?" అని తిరగబడేది. "అమ్మా" అన్న పిలుపు రాలేదు. కానీ ఈ మాట ఉంది. ఎర్మెలిందా ఈ మాట మీద బతికింది.

ముప్ఫై దాటింది. నలభై మూడూ దాటింది. చావు రాలేదు. ముద్ద మాత్రం ఏటేటా చిన్నదైంది. మాంసం ముక్క మానేసింది. తర్వాత రొట్టె మానేసింది. పెళ్ళిళ్ళలో బంతికి కూచోవడం ఎప్పుడో మానేసింది. జావ, నలిపిన అరటిపండు, బీన్సు నీళ్ళు. రెండువేల ఏడులో, యాభై రెండో ఏట, వాగుదగ్గర బట్టలు ఉతుకుతూ పడిపోయింది. ముప్ఫై ఎనిమిది కిలోలుంది. ఊరి ఆరోగ్య కార్యకర్త మునిసిపాలిటీ వ్యానులో ఎక్కించి, ఆరు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరు మరీల్యా అని ముప్ఫై ఏళ్ళ పిల్ల. కాగితంలో "అడ్డుజబ్బు, ముప్ఫై ఏళ్ళుగా" అని ఉంటే అడిగింది:

"నెత్తురు పరీక్ష ఎప్పుడు చేశారమ్మా?"

"చెయ్యలేదు. గోడలో పురుగులు దొరికాయి."

డాక్టరు కలం ఆగిపోయింది. "గోడలో."

"పదకొండు."

నెత్తురు తీశారు. వారం తర్వాత ఇంకోసారి తీశారు. సున్నం కలిపిన నీళ్ళలాంటి తెల్లటి మందు తాగించి ఫొటోలు తీశారు. గుండ్రటి మిషనులో పడుకోబెట్టారు. చివరికి డాక్టరు తన కుర్చీ ఇటువైపుకి లాక్కుని, మోకాలికి మోకాలు ఆనించి కూచుంది.

"అమ్మా, మీకు ఆ జబ్బు లేదు. రెండు పరీక్షల్లోనూ లేదు. ఎప్పుడూ రాలేదు."

"మరి ముద్ద?"

డాక్టరు కాగితం మీద గీసింది. నిలువుగా ఒక గొట్టం. దాని వెనకనుంచి ఏటవాలుగా ఒక తాడు. "ఇది అన్నం దిగే దారి. ఇది మీ కుడిచేతికి నెత్తురు తీసుకెళ్ళే నాళం. అందరికీ ఇది కుడివైపునే పుట్టి కుడిచేతికి పోతుంది. మీకు ఎడమవైపు పుట్టి, అన్నం దారి వెనకనుంచి దాటి పోతోంది. దాటుతూ నొక్కుతోంది. మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఇలా ఏర్పడింది. ఎవరి తప్పూ కాదు. చాలామందికి ఇలా ఉన్నా ఏ బాధా ఉండదు."

"నాకు కడుపుతో ఉన్నప్పుడు మొదలైంది."

"కావచ్చు. కడుపుతో ఉంటే ఒంట్లో నెత్తురు పెరుగుతుంది, నాళాలు నిండుతాయి. వయసు మీరేకొద్దీ నాళం గట్టిపడి ఇంకా నొక్కుతుంది. ఆపరేషను ఉంది. రాజధానిలో చెయ్యాలి. కానీ ఈ బరువుతో ఇప్పుడు మీరు తట్టుకోలేరు. ముందు ఒళ్ళు చెయ్యాలి. మెత్తగా, కొంచెం కొంచెంగా, బాగా నమిలి తినండి."

"ముప్ఫై ఏళ్ళనుంచి చేస్తున్నదదే తల్లీ."

డాక్టరు తల దించుకుంది. ఎర్మెలిందా ఆ బొమ్మని తనవైపు తిప్పుకుంది. ఆమె అడగదలుచుకున్న ప్రశ్న ఒక్కటే.

"అయితే నా పాలు మంచివేనన్నమాట."

"మీ పాలకేం?" అని, ఆమె మొహం చూసి డాక్టరు గొంతు తగ్గించింది. "అమ్మా, ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్ళని కూడా మేం పాలివ్వమనే చెబుతాం. రొమ్ము పగిలి నెత్తురు కారితేనో, జబ్బు కొత్తగా అంటుకుని జ్వరం మీదుంటేనో తప్ప ఆపం."

తిరుగు వ్యానులో అందరూ నిద్రపోయారు. ఎర్మెలిందా నిద్రపోలేదు. తండ్రి చావు అబద్ధం కాదు. పురుగూ అబద్ధం కాదు. ఆ ఊళ్ళో సగం సమాధులు దానివే. అందుకే తన ఒంట్లో ఉన్నది వేరే సంగతని ఒక్కరికీ, తనకి కూడా, తట్టలేదు. నెత్తురు తీసి చూడవలసిన గవర్నమెంటు జీతగాళ్ళకి లారీ లేదు.

కానీ ఇప్పుడు ఆమెని పీక్కుతింటున్నది అది కాదు. ఆ జబ్బు ఉన్నంతకాలం తను కడుపు కోసుకున్న తల్లి. జబ్బు లేదంటే తను ఎవరు? ఊరికే బిడ్డని ఇచ్చేసిన మనిషి. ముప్ఫై ఏళ్ళు కూడబెట్టుకున్న ఆ ఒక్క మాటా తన నోటితోనే పారబొయ్యాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. డాక్టరు ఆరు గంటల దూరంలో ఉంది. కాగితం ట్రంకుపెట్టెలో అడుగున పెడితే సరి.

పదకొండు రోజులు నోరు మూసుకునే ఉంది.

పన్నెండో రోజు ఉంబెలినాకి కాళ్ళు వాచాయంటే చూడబోయింది. లెనీరా ఆ ఇంట్లోనే ఉంటోంది. ఆలస్యంగా పెళ్ళయింది. ముప్ఫై ఒకటో ఏట తొలి కడుపు, నెలలు నిండాయి. వంటింటి గూట్లో పాలపొడి డబ్బాలు ఏడు, వరసగా, పండక్కి సర్దినట్టు ఉన్నాయి.

"ఇవన్నీ ఎందుకమ్మా?" అంది ఎర్మెలిందా, తెలిసే.

"నా పాలు ఇవ్వను మద్రీన్యా," అంది లెనీరా, గుడ్డలు మడతపెడుతూ. "నీ నెత్తురే కదా నాది. పరీక్ష చేయించుకోమంటారు. చేయించుకుంటే ఉందని తేలుతుంది. ఎందుకొచ్చింది? నువ్వు నాకు చేసిందే నేనూ చేస్తా. నీ అంత ధైర్యం నాకు లేదా ఏంటి?"

కోపంగా కాదు, గర్వంగా అంది. ఆ గర్వం ఎర్మెలిందా గుండెలో దిగబడింది. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా బల్ల మీద కూచుంది.

"లెనీరా, నాకు ఆ జబ్బు లేదు."

"ఏ జబ్బు?"

"అడ్డుజబ్బు. పెద్దాసుపత్రిలో రెండుసార్లు చూశారు. ఎప్పుడూ లేదట. పుట్టుకతో ఒక నరం అడ్డదారిన పోయిందట, అది నొక్కుతోందట. నెత్తురు మంచిదే. నీదీ మంచిదే. నువ్వు పాలివ్వొచ్చు."

లెనీరా చేతిలో మడత అలాగే ఉండిపోయింది. మంచం మీదనుంచి ఉంబెలినా "యేసూ" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండు రోజులయింది."

"పన్నెండు రోజులు. ముప్ఫై ఒక్క ఏళ్ళ మీద పన్నెండు రోజులు." లెనీరా గొంతు పైకి లేవలేదు. అదే భయంగా ఉంది. "అయితే నన్ను ఊరికే ఇచ్చేశావా?"

"చెప్పారమ్మా..."

"ఎవరు చెప్పారు? మందు కొట్టేవాడా? ఒక్కసారి తాలూకా ఊరికి పోలేకపోయావా? లారీ ఎక్కి, కాలినడకన, పాక్కుంటూ! ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో ఒక్క రోజు దొరకలేదా నీకు?"

"ఒసే, అలా అనకే," అని ఉంబెలినా లేవబోయింది. "అది నా గుమ్మంలో నిలబడి నిన్నిచ్చినప్పుడు దాని మొహం నువ్వు చూడలేదు. మేమందరం అన్నాం. ఫిర్మీనా అంది, నేనూ అన్నా. అనాలంటే నన్నను."

"నువ్వు పాలిచ్చావు. నిన్నేమంటాను?"

ఎర్మెలిందాకి చెప్పడానికి ఉంది. తాలూకా ఊరు రెండు రోజుల నడక. పోతే అక్కడి గుమాస్తా ఇంకో రోజు రమ్మనేవాడు. పేదవాడికి జబ్బు లేదని చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు, ఉందని రాయడానికి మాత్రం కాగితాలు సిద్ధంగా ఉంటాయి. ఇవన్నీ నిజాలే. కానీ ఎదురుగా నిలబడ్డ కడుపుతో ఉన్న పిల్ల అడిగిన ప్రశ్నకి ఇవేవీ జవాబులు కావు. ఎందుకంటే ఆ ప్రశ్న పదకొండు రోజులుగా ఆమె తనని తనే అడుగుతోంది.

"పోలేదు," అంది. "తేలిపోతుందని భయపడ్డాను. నీలాగే."

లెనీరా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మూడు వారాలకి బిడ్డ పుట్టింది. మగపిల్లాడు. కబురు ఉంబెలినా పంపింది, లెనీరా కాదు. ఎర్మెలిందా ఉన్నదాంట్లో మంచి గౌను తొడుక్కుని వెళ్ళింది. లెనీరా మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. పిల్లవాడు రొమ్ము పట్టుకుని ఉన్నాడు. చిన్న దవడ కదులుతోంది. ప్రతి గుటకా వినపడుతోంది.

లెనీరా ఆమెని చూసింది, చూపు పిల్లవాడి మీదకి తిప్పుకుంది. పొమ్మనలేదు. ఎర్మెలిందా గుమ్మం దగ్గర పీట మీద కూచుంది.

పిల్లవాడు గట్టిగా పట్టేసరికి లెనీరా పళ్ళు బిగించింది. "అబ్బా! నెప్పి. మొదట్లో ఇంతేనా?"

ఎర్మెలిందా నోరు తెరిచింది. ఆమెకి తెలిసిందల్లా పాలు రాకుండా రొమ్ము మీద క్యాబేజీ ఆకులు వేసి గుడ్డతో బిగించి కట్టుకోవడం, నాలుగో రోజు జ్వరం ఎలా వస్తుందో, తొమ్మిదో రోజుకి ఎలా ఎండిపోతుందో. మొదట్లో ఇంతేనా కాదా ఆమెకి తెలియదు.

"ఇంతే," అంది ఉంబెలినా పక్కనుంచి వంగి. "రొమ్ము ఇంకా లోపలికి పెట్టు. కొన మాత్రమే పట్టుకున్నాడు. ఆ, అలా. ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది అమ్మా."

పిల్లవాడు తాగి, వదిలి, నిద్రలోకి జారాడు. ఎర్మెలిందా లేచింది. పొద్దు వాలింది. మంచం దగ్గరికి వెళ్ళి పిల్లవాడి పాదం మీద వేలు పెట్టబోయి, అడగకుండా పెట్టకూడదని ఆగింది. లెనీరా చూసింది. చూసి, పిల్లవాడి మీది దుప్పటి కొంచెం పక్కకి తీసింది. ఎర్మెలిందా పాదాన్ని తాకింది. ఎంతో వెచ్చగా ఉంది.

"వెళ్ళొస్తానమ్మా."

"మంచిది ఎర్మెలిందాగారూ," అంది లెనీరా. ఊళ్ళో ఎవరినైనా పిలిచినట్టే, మర్యాదగా. "మెట్లు చూసుకుని దిగండి. బయటి తడిక మూసి వెళ్ళండి, మేకలొస్తాయి."

ఎర్మెలిందా మెట్లు చూసుకుని దిగింది. తడిక మూసి, తాడు రెండు చుట్లు చుట్టింది.